నిండిన ట్యాంకు, ఎండిన కొళాయి

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ కాలంలో సెన్సార్లు ఉండేవా?" అని అడుగుతుంటారు. నా కాలమంటే వాళ్ల దృష్టిలో శాతవాహనుల కాలం కాబోలు. ఉండేవి నాయనా. నేను రిటైరై కడపలో కుర్చీ వేసుకుని కూర్చుని ఎంతో కాలం కాలేదు. తాగునీటి పథకాల్లో మీటర్లు, గేజీలు, వాల్వులు చూసే విభాగంలో చేరి, గాజుగొట్టంలో నీటిమట్టం చూసిన రోజుల నుంచి సెల్‌ఫోనులో నీటిమట్టం చూసే రోజుల దాకా వచ్చినవాణ్ణి. ఈ మధ్యలో నా సొంత మట్టం ఏమైనా పెరిగిందా అంటే, నడుం దగ్గర పెరిగిందని మా ఆవిడ రీడింగు ఇస్తుంది.

మీరు ఇప్పుడు పరీక్షల కోసం బట్టీ పట్టే మాటలన్నీ నాకు ఒక్క ఊరి ట్యాంకు నేర్పింది. ఓర్వకల్లు దాటాక బండరాళ్ల గుట్టల మధ్య ఉన్న ఊరది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు నన్ను మళ్లీ నిచ్చెన ఎక్కిస్తారు.

ఆ ఊళ్లో నీళ్లు వదిలే పని ఒకప్పుడు ఒక పెద్దమనిషి చేసేవాడు. ఆయనకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వాల్వు తిప్పేవాడు, ఎవరి మీద కోపమొస్తే వాళ్ల వీధికి ఆపేవాడు. పొదుపు సంఘం ఆడవాళ్లు విసిగిపోయి, పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుని, ఆ పని తమకు రాయించుకున్నారు. సంఘంలోంచి ఒకావిడను ఆపరేటరుగా పెట్టారు. ఊరంతా ఆమెను నీళ్లక్క అనేవారు. నేనూ అదే పేరుతో రాస్తాను. వీధివీధికీ వంతు వేసి, చెప్పిన వేళకు నీళ్లు వదిలేది. పెద్ద గొంతు. పక్క వీధిలోంచి పిలిచినా ఫోన్ అక్కర్లేదు.

ఆమె మొదట్లో ట్యాంకును చూసే పద్ధతి పాతది. లోపల నీటి మీద ఒక తేలుడు బుడ్డి, దానికి తాడు, ఆ తాడు కప్పీ మీదుగా బయటికొచ్చి ఒక ఎర్ర రేకు బిళ్లకు కట్టి ఉండేది. ట్యాంకు గోడ మీద గీతలు. లోపల నీళ్లు పెరిగితే బయట బిళ్ల కిందికి దిగుతుంది. అంతా తలకిందుల వ్యవహారం. కొత్తగా వచ్చిన అధికారులకు అర్థమయ్యేలోపు బదిలీ అయిపోయేది. నీళ్లక్క మాత్రం గుడ్డలు ఉతుక్కుంటూ, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకసారి చూసి, "సగముండాది" అనేసేది.

తర్వాత మా పథకానికి కొత్త సాంకేతికత వచ్చింది. ట్యాంకులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చెప్పారు. మనుషులు మాట్లాడుకోవడం తగ్గించాక ట్యాంకులన్నా మాట్లాడుకోవడం మంచిదే అనుకున్నాను.

అదెలా పనిచేసేదో కొంచెం చెప్పాలి, లేకపోతే ముందు జరిగింది అర్థం కాదు. ట్యాంకు పైకప్పు లోపలివైపు ఒక చిన్న గుండ్రటి డబ్బా తలకిందులుగా వేలాడుతుంది. అది సెన్సారు. మన చెవికి అందని శబ్దాన్ని కిందికి వదులుతుంది. ఆ శబ్దం నీళ్లకు తగిలి తిరిగొస్తుంది. ఎంత త్వరగా వస్తే నీళ్లు అంత దగ్గర ఉన్నట్టు. బావి గట్టున నిలబడి "ఓయ్" అని అరిచి, జవాబు కోసం చెవి ఒగ్గే పిల్లవాడి పని. కప్పు పైన సౌర పలక, బ్యాటరీ, రేడియో కలిపిన పెట్టె ఒకటి ఉంటుంది. అది నోడు. చుట్టుపక్కల ఊళ్ల నోడ్ల మాటలన్నీ గుట్ట మీది గేట్‌వే వింటుంది, విని ఇంటర్నెట్టుకు చేరవేస్తుంది. అలా విని చేరవేసేవాళ్లు మన వీధుల్లోనూ ఉంటారు కాబట్టి గేట్‌వే అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరచక్కర్లేకపోయింది.

అక్కణ్ణుంచి ఆ మాట క్లౌడుకు వెళ్తుంది. మా సీమలో మేఘం వస్తుందేమో గానీ మనకేమీ ఇవ్వదు. ఈ మేఘం ఇంకా ఘనమైనది, మన దగ్గర్నుంచే తీసుకుంటుంది. కర్నూలు ఆఫీసులో తెరమీద ప్రతి ఊరికీ ఒక బొమ్మ ట్యాంకు, అందులో నీలంరంగు నీళ్లు. అది డాష్‌బోర్డు. ఇక థ్రెషోల్డు. నీటిమట్టం ఒక గీత దాటి కిందికి దిగితే పెద్దలైను నుంచి నీళ్లొచ్చే వాల్వు దానంతట అదే తెరుచుకోవాలి, పైగీత దాటితే మూసుకోవాలి. ఆ గీతను థ్రెషోల్డు అంటారని, అంటే గడప అని, హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు నాకు ఓపికగా బోధించాడు. "నాయనా, నేను కడపవాణ్ణి. గడప మీదే పుట్టాను," అన్నాను. అతను నవ్వలేదు. అతని భాషలో చెప్పాలంటే, నా జోకుకు సిగ్నల్ అందలేదు.

చలికాలం చివర్లో మా ట్యాంకుకు అవన్నీ బిగించారు. పాత తాడూ కప్పీ ఇక అనవసరమని విప్పి కింద పడేశారు. ప్రారంభం రోజు సంఘం వాళ్లు పళ్లెంతో, చిత్రాన్నంతో వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. వాల్వు పెట్టెకు నిమ్మకాయలు కట్టారు. సౌర పలకకు కుంకుమ పెట్టబోతే, దానికి ఎండ తగలాలమ్మా అని బతిమాలి పక్కన పెట్టించాను. నీళ్లక్క ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చింది. దాని మీద పసుపు పూసి, కళ్లు, మీసాలు, కోరలు గీసి, కొబ్బరి పీచు ఉట్టిలో పెట్టారు.

"కొత్త మిషనుకు దిష్టి తగుల్తాది సార్. పక్కూరోల్ల కండ్లన్నీ దీని మీదనే ఉండాయి," అంది.

కాయ ఎక్కడిదంటే, పాత ఆపరేటరు పెరట్లోది. ఊళ్లో ఆ సైజు కాయ ఇంకెవరి పాదుకూ కాయలేదట. పదవి పోయినా ఆయన పెద్దమనసుతో ఇచ్చాడని అందరూ మెచ్చుకున్నారు.

కాయను నిచ్చెన కొసన కట్టాలనుకున్నారు. అప్పటికే గుట్ట మీద కోతులు వరుసగా కూర్చుని, సభకు పిలిచిన అతిథుల్లా చూస్తున్నాయి. సాయంత్రానికి గుమ్మడికాయ మిగలదని అర్థమైంది. కంపెనీ మనిషి మంచివాడు, ఊరివాళ్ల మాట కాదనలేక, మూత తీసి ఉట్టిని లోపలే, సెన్సారుకు దూరంగా ఒక పక్కన, పైకంటా లాగి కట్టాడు. కోతులకు అందదు, దిష్టీ తగలదు. అందరూ చప్పట్లు కొట్టారు. తాగే నీళ్లలో కాయేమిటయ్యా అని అనాల్సిన మనిషిని నేనే. ఆ సమయంలో నా నోటినిండా చిత్రాన్నం ఉంది.

వెళ్లేముందు కంపెనీ వాళ్లు నిచ్చెన మొదట్లో ఒక రేకు తలుపు బిగించి, తాళం వేసుకుపోయారు. పరికరాన్ని ఎవరూ ముట్టుకోకూడదని నియమం. వాల్వు పెట్టెకూ తాళమే.

అంతా బాగా నడిచింది. తెర మీద ఆ ట్యాంకు గీత చూడముచ్చటగా ఉండేది. పొద్దున ఊరు నీళ్లు పట్టుకునే వేళకు దిగేది, తర్వాత పెద్దలైను నీళ్లొచ్చి పెరిగేది. ఊరు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉండేది.

ఎండలు ముదిరాక కొళాయిలు ఆగిపోయాయి.

ఊరివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. మా ఆఫీసులో తెర మీద చూస్తే ట్యాంకు నిండుగా, నీలంగా, పండగ కళతో ఉంది. మన ఇళ్లల్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం చూడండి, ఆ అర్థంలో నిండి ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఒకసారి చేత్తో వాల్వు తెరవండి అని నీళ్లక్క మొత్తుకుంది. ఆ పెట్టెకు తాళం, ఆఫీసు నుంచి తెరవబోతే సాఫ్టువేరు ఒప్పుకోలేదు. నిండిన ట్యాంకులోకి నీళ్లు వదలకుండా దానికి కట్టుబాటు పెట్టారు.

మా పై అధికారి చెడ్డవాడు కాదు. వయసులో నాకంటే చాలా చిన్న, తెలివైనవాడు, లెక్క ప్రకారం పోయే మనిషి. ఆయన లెక్క ఇది: ట్యాంకు నిండుగా ఉంది. ఊళ్లోకి నీళ్లు రావడం లేదు. కాబట్టి మధ్యలో ఎవరో పైపు మళ్లించారు. ఈలోపు ఊళ్లో ఒక మాట పుట్టింది. నీళ్లక్క వాళ్ల అన్న ఇటుకల బట్టీ పెట్టాడు, బట్టీకి నీళ్లు కావాలి, ఇంకేముంది అని. ఆ మాట ఎవరి పెరట్లో మొలిచిందో ఊహించడం కష్టం కాదు. గుమ్మడి పాదుకు నీళ్లు బాగా పోసే పెరడే.

ఊళ్లో సభ పెట్టి, సంఘం చేతుల్లోంచి పని తీసేసి, పాతాయనకు తిరిగి అప్పగించాలని నిర్ణయమైంది. ముందురోజు నీళ్లక్క నాకు ఫోన్ చేసింది.

"సార్, నన్ను దొంగంటాండారు."

"ఎవరమ్మా అన్నది?"

"మీ మిషనే అంటాండాది. మిషను అంటే ఊరంతా అంటాది గదా. వీధి వాల్వులు తిప్పి తిప్పి సేతులు బొబ్బలెక్కినాయి. పైన నీల్లుంటే గదా సార్ వచ్చేది? ఎక్కి సూద్దామంటే తాళమేస్కోని పోయినారు. పగలగొడ్తామంటే సర్కారు సొత్తు, కేసయితాది అని బెదిరిస్తాండారు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"మీరేం సేస్తారో నాకు తెల్దు. రేపు నన్ను తీసేస్తే తీసెయ్యనీ. దొంగని మాత్రం పేరు పెట్టి తీసెయ్యకూడదు. నా కూతురు ఆ వీధిలోనే బడికి పోవల్ల."

ఆ మాట తర్వాత ఆమె ఫోన్ పెట్టేసింది. ఎప్పుడూ ఊరు దద్దరిల్లేలా మాట్లాడే మనిషి మెల్లగా మాట్లాడితే చెవిలో ఎక్కువసేపు ఉంటుంది.

నేను తెర ముందు కూర్చుని, ఆ ట్యాంకు గీతను బిగించిన రోజు నుంచీ వరుసగా చూసుకుంటూ వచ్చాను. ఊపిరిలా పడిలేచే గీత. ఒకచోట హఠాత్తుగా పైకెక్కింది. అక్కణ్ణుంచి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోయింది. వణుకు లేదు, వంకర లేదు. అప్పుడు నాకు లెక్క తప్పినట్టు తోచింది. నీళ్లు దొంగ పట్టుకున్నా, దొర పట్టుకున్నా మట్టం తగ్గాలి కదా? ఎండకన్నా కొంచెం దిగాలి కదా? ఈ ట్యాంకులో నీళ్లు ఎవరూ తాగడం లేదు, ఎవరూ దొంగిలించడం లేదు, చివరికి అవి కదలడం కూడా లేదు. అలాంటి నీళ్లను నా సర్వీసులో నేను చూడలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను.

"సార్, డివైస్ ఆన్‌లైన్‌లోనే ఉంది. హార్ట్‌బీట్ కరెక్టుగా వస్తోంది," అంది అవతలి గొంతు. బతికే ఉన్నానని పరికరం మధ్యమధ్యలో పంపే సంకేతాన్ని హార్ట్‌బీట్ అంటారు.

"గుండె కొట్టుకుంటోంది నాయనా, సరే. కళ్లు కనిపిస్తున్నాయా?"

"సార్?"

"తాళంచెవి ఎక్కడుంది?"

"మా టెక్నీషియన్ దగ్గర సార్. ఆయన ఇప్పుడు వేంపల్లె సైట్‌లో ఉన్నాడు. రెండు మూడు రోజుల్లో వస్తాడు. సార్, తాళం పగలగొడితే మాత్రం వారంటీ వర్తించదు."

సభ మర్నాడే. నాలో మొండితనం ఉందని మా ఆవిడ తప్ప ఎవరూ గుర్తించలేదు. ఆ పూట నేనూ గుర్తించాను. ఏమైనా సరే, రేపు ఆ మూత తెరవకుండా ఆ ఊళ్లోంచి రాకూడదు అనుకున్నాను.

పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరాను. ఊరు చేరేసరికి ట్యాంకు కిందే షామియానా వేశారు. ఖాళీ బిందెలు రంగురంగుల్లో వరుసగా కూర్చున్నాయి, వాటి వెనకాల మనుషులు. అధికారి చేతిలో ట్యాబ్లెట్టు, దాని మీద నీలంరంగు ట్యాంకు. నీళ్లక్క ఒక పక్కన నిలబడి ఉంది. సంఘం ఆడవాళ్లు ఆమె చుట్టూ దడి కట్టినట్టు కూర్చున్నారు.

పాతాయన మాట్లాడుతున్నాడు. "నేనున్నప్పుడు ఎప్పుడన్నా ఇట్లయిందా అప్పా? ఆడోల్ల సేతికి వాల్విస్తే ఇంతే. మిషను అబద్ధం సెప్తాదా? దానికి అన్న ఉండాడా, బట్టీ ఉండాదా?"

అధికారి తల ఊపాడు. నేను ముందుకెళ్లి అన్నాను, "సార్, మిషను అబద్ధం చెప్పదు. దానికి ఏం కనబడితే అది చెప్తుంది. ఏం కనబడుతోందో ఒకసారి పైకెక్కి చూద్దాం."

"డేటా స్పష్టంగా ఉంది కదా సార్."

"అదే నా బాధ. మరీ స్పష్టంగా ఉంది." గీత చూపించాను. "నీళ్లు మళ్లిస్తే మట్టం తగ్గాలి. ఇది తగ్గలేదు. దొంగతనం జరిగిందంటే మీ డేటా తప్పు. డేటా ఒప్పంటే దొంగతనం జరగలేదు. రెండూ ఒకేసారి కుదరవు."

ఆయన గీతను చాలాసేపు చూశాడు. లెక్క ప్రకారం పోయే మనిషికి లెక్క చూపిస్తే ఆగుతాడు. అదొక అదృష్టం. "తాళంచెవి లేదు కదా," అన్నాడు మెల్లగా. "పగలగొడితే కంపెనీ వారంటీ పోతుంది. మీరు రిటైరయ్యే ముందు మీకెందుకు సార్ ఇదంతా?"

"వారంటీ పోతే మళ్లీ రాయించుకోవచ్చు. ఈమె గ్యారంటీ పోతోంది. పగలగొట్టింది నేనేనని రాసుకోండి."

ఆ మాట పూర్తికాకముందే సంఘంలోంచి ఎవరో గడ్డపార తెచ్చేశారు. వాళ్లు దాన్ని కూర్చున్న జంబుకాణం కిందే పెట్టుకుని వచ్చారని నాకు తర్వాత తెలిసింది. నా అనుమతి కోసం ఇంకాసేపు చూసి ఉండేవాళ్లో లేదో మాత్రం ఇప్పటికీ తెలియదు. నీళ్లక్క ఒక్క పోటుకు తాళం ఊడగొట్టి నిచ్చెన మీద కాలు పెట్టింది.

"సీర కట్టుకోని ట్యాంకెక్కుతాదంట!" అని నవ్వాడు పాతాయన.

"నువ్వు పంచె కట్టుకోని ఎప్పుడన్నా ఎక్కినావా మామా? కిందనే నిలబడి బీడీ తాగుకుంటా కడిగించినావు గదా," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

ఆమె వెనక నేను. మొదటి అంతస్తుకు కూడా లిఫ్టు వెతికే మనిషిని నేను. సగం ఎక్కేసరికి ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగబోతున్న విమానం ఒకటి మీదుగా వెళ్లింది. కిటికీలోంచి ఎవరైనా చూస్తే చెయ్యి ఊపాలేమో అనిపించేంత ఎత్తులో ఉన్నాననుకున్నాను. కిందికి చూస్తే, ఇంకా సంఘం ఆడవాళ్ల తలలు లెక్కపెట్టేంత దగ్గర్లోనే ఉన్నాను.

"కిందికి సూడాకండి సార్. నా సెప్పులు సూస్కుంటా రాండి," అంది పైనుంచి.

పైకెక్కి ఇద్దరం కలిసి మూత లేపాం. వేడి గాలి మొహాన కొట్టింది. వంగి చూశాను. ట్యాంకు అడుగున ఎండి నెర్రెలిచ్చిన బురద. ఒక్క చుక్క లేదు. సెన్సారుకు సరిగ్గా కింద, పసుపు మొహం, కుంకుమ కళ్లు, మెలేసిన మీసాలతో గుమ్మడికాయ వేలాడుతోంది. కట్టిన ముడి తేమకు జారింది. ఉట్టి కిందికి దిగి, పక్కకు ఊగి, సెన్సారు వైరుకు చిక్కుకుని, దాని చూపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. సెన్సారు "ఓయ్" అంటోంది. కాయ వెంటనే "ఓయ్" అంటోంది. నీళ్లు ఇంత దగ్గరికొచ్చాయి, ట్యాంకు నిండిపోయింది అని సెన్సారు మేఘాలకు కబురు పెడుతోంది. ఒకదాన్నొకటి రెప్ప వేయకుండా చూసుకుంటున్నాయి రెండూ. దిష్టి మాత్రం నిజంగానే తగల్లేదు. తగలాల్సిన శబ్దమంతా కాయకే తగిలింది.

నాకు నవ్వొచ్చింది. పక్కకు చూస్తే నీళ్లక్క నవ్వడం లేదు. మూత అంచు పట్టుకుని కాయనే చూస్తోంది.

"ఇది నేను తెచ్చిందే గదా సార్," అంది.

కిందినుంచి అధికారి కేకేశాడు. "ఏముంది సార్ అక్కడ?"

నేను కాయ వైపు చూశాను. ఆ కాయను తాడు కోసి అడుగున బురదలో పడేస్తే ఎవరికీ కనబడదు. సెన్సారుకు సాలెగూడు పట్టింది అంటే సరిపోతుంది. ఆమె పని నిలబడుతుంది, సంఘం పరువు నిలబడుతుంది, నా చిత్రాన్నం సంగతీ బయటికి రాదు. ఈ ఆలోచన నా మొహంలో కనబడిందనుకుంటాను.

"వద్దు సార్," అంది ఆమె. "దాసిపెడ్తే అది నిజంగానే దొంగతనమయితాది. కిందికి తీస్కపోదాం."

నా జేబులోని చిన్న కత్తితో తాడు కోసి కాయను బయటికి తీసింది. బిందె ఎత్తుకున్నట్టు నడుం మీద పెట్టుకుంది. నేను అధికారికి కేక వేశాను. "సార్, ఖాళీ! ఒక్క చుక్క లేదు! మీ తెర చూస్తూ ఉండండి!"

తెర మీద ఇంకా నీలమే. మీరు పుస్తకాల్లో చదివే లేటెన్సీ అంటే ఇదే. సెన్సారు మళ్లీ అరవాలి, నోడు చెప్పాలి, గేట్‌వే మోయాలి, మేఘం వినాలి. ఆలస్యం అనే మాటకు అంత బరువుంటుందని ఆ ఎండలో, ఆ ట్యాంకు నెత్తిన నిలబడ్డప్పుడే తెలిసింది. కింద ఒకరిద్దరు నవ్వడం మొదలుపెట్టారు. పాతాయన గొంతు వినబడింది, "ఏమప్పా, పైన ఏం సేస్తాండారు, ఇంగా దిగరా?"

అప్పుడు అధికారి చేతిలో ట్యాబ్లెట్టు కుయ్యిమంది. ఆయన జేబులో ఫోను, సర్పంచి ఫోను, నా ఫోను, అన్నీ ఒకేసారి కుయ్యిమన్నాయి. ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక: ట్యాంకు ఖాళీ. ఊరివాళ్లు వారం నుంచి చెప్తున్నదాన్ని మిషను కూడా ఒప్పుకుంది. గడప దాటిందని వాల్వుకు ఆజ్ఞ వెళ్లింది. కింద పెట్టెలో మోటారు గుర్రుమంది. ఆక్చుయేటర్ అని మీరు చదివే ముక్క అదే, ఈ వ్యవస్థకు చెయ్యి. కాసేపటికి మా కాళ్ల కింద ఎండిన బురద మీద నీళ్లు పడ్డ చప్పుడు వినబడింది. పెద్ద జాతరలో డప్పులు మొదలైనట్టు ఉంది. నీళ్లక్క కళ్లు మూసుకుని వింది.

గుమ్మడికాయతో దిగిన ఆమెను చూసి ముందు అందరూ నోరు తెరిచారు, తర్వాత ఎవరు మొదలెట్టారో గానీ సభంతా నవ్వు. పాతాయన దొరికిన అవకాశం వదల్లేదు. "నేనప్పుడే అంటి. ఆడోల్ల పిచ్చి నమ్మకాలు..."

వెనకనుంచి ఒక ముసలావిడ లేచింది. "థూ, నీ మీసాల్లాంటియే గదరా దాని మీసాలు. మీ పాదు కాయే గదరా అది? మా కాయంత పెద్దది కర్నూలు మార్కెట్లో గూడా లేదని ఊరంతా తిప్పి సూపించి ఇస్తివే!"

ఆయన జనం వెనక్కి జారుకున్నాడు. ఇటుకల బట్టీ సంగతీ ఎవరూ ఎత్తలేదు.

అధికారి నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఇప్పుడు మమ్మల్ని ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు.

నీళ్లక్క కాయను ఆయన బల్ల మీద పెట్టింది. "కాయ నేనే తెచ్చినాను, అది నా తప్పే. నీల్లు మళ్లించినానన్నది నా తప్పు గాదు. ఆ రెండూ కలపాకండి సార్. పని తీసేస్తారో ఉంచుతారో మీ ఇష్టం. ఉంచితే మాత్రం తాళంచెవి నా దగ్గరుండల్ల. నేనే ఎక్కి సూస్తాంటా. మీ మిషను సెప్పింది నేను సూస్తా, నేను సెప్పింది మీ మిషను సూడనీ."

ఆయన సంఘం వైపు చూశాడు. గడ్డపార ఇంకా అక్కడే ఉంది. "పని సంఘానిదే," అన్నాడు. కొత్త తాళం తెప్పించి, చెవిని అక్కడికక్కడే ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పుస్తెలతాడుకు కట్టుకుంది.

తర్వాతి పనులు నా వంతు. ముందు నిండుతున్న నీళ్లను వదిలించి, ట్యాంకు కడిగించి, బ్లీచింగు చల్లించాను. కింద పడేసిన కప్పీని, తాడును, ఎర్ర రేకు బిళ్లను వెతికించి మళ్లీ బిగించాను. మీకు చెప్పేది ఇదే: ఒక కన్ను ఎంత ఖరీదైనదైనా రెండో కన్ను ఉండాలి. డాష్‌బోర్డులో ఒక కొత్త హెచ్చరిక కూడా పెట్టించాను. మట్టం మరీ తగ్గితేనో పెరిగితేనో కాదు, అసలేమీ మారకపోయినా కుయ్యిమనాలి. ఆ హైదరాబాదు ఇంజనీరు, "సార్, ఏమీ జరగనప్పుడు అలర్ట్ ఎందుకు?" అని అడిగాడు. "ఏమీ జరగకపోవడం కూడా ఒక సంగతే నాయనా, నా పెళ్లయ్యాక తెలుసుకున్నాను," అన్నాను. ఈసారి నవ్వాడు. సిగ్నల్ మెరుగైంది.

అన్నీ అయ్యాక నీళ్లక్క, సంఘం వాళ్లు ఆఫీసుకొచ్చారు. ఇంకో గుమ్మడికాయతో.

"మల్ల దిష్టి సంగతేంది సార్?" అంది. "లోపల వద్దంటిరి. బయట కోతులుండాయి. ఏదో ఒక దారి మీరే సూపించల్ల."

నేను కాదనలేదు. ఆమె మూత దగ్గర నన్ను కాదన్న రోజు నాకు గుర్తుంది. కొలతలు తీసుకుని, బొమ్మ గీసి, నిచ్చెన పక్కన స్తంభానికి ఇనుప జాలీతో ఒక గూడు చేయించాను. కాయ కనబడుతుంది, గాలి ఆడుతుంది, కోతి చెయ్యి దూరదు, సెన్సారు చూపు తగలదు. తలుపుకు చిన్న గడియ, దానికి తాళం. ఆ గడియ తాళంచెవి కూడా ఆమె దగ్గరే.

రిటైరయ్యాక ఒకసారి అటువైపు వెళ్లాను. ఎర్ర బిళ్ల కిందికి దిగి ఉంది, అంటే నీళ్లు పైదాకా ఉన్నట్టు. వీధి చివర నీళ్లక్క ఎవరినో వంతు తప్పావని తిడుతోంది. ఆ గొంతు విని హార్ట్‌బీట్ సరిగ్గానే ఉందనుకున్నాను. గూట్లో కొత్త కాయ మీసాలతో నిలబడి ఉంది. ఒక కోతి జాలీ పట్టుకుని లోపలికి చూసి, విసుగుపడి వెళ్లిపోయింది. నా సర్వీసు మొత్తంలో బిగించిన వాటిల్లో ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు కూడా రాని పరికరం అదొక్కటే.